గోరు కింది నలుపు

రోకలి అని రాయకుండ్రి ఎస్సై సార్. గది చపాతీ కర్ర. రోకలే అయ్యుంటే సాయిలు చెయ్యి ఇంకా భుజానికి ఉండునా?

కొట్టలేదని నేనెక్కడన్న? కొట్టిన. మణికట్టు చూసి కొట్టిన. ఇరిగిన చప్పుడు నాకూ వినబడ్డది.

పేరా? సుమిత్ర. బీఏ. మొగని పేరు గోవర్ధన్, స్టేషన్ రోడ్డుల బట్టల దుకాణం. మీ పెండ్లాం మొన్న దసరాకు మా దగ్గర్నే చీరెలు తీసుకున్నది. సరే, గదంత ఎందుకు, మీరు రాయుండ్రి.

సాయిలు నర్మెట్ట నాటువైద్యుడు. చెడ్డోడు గాదు. కామెర్లకు మందిస్తడు, ఎముకలు కడ్తడు. తన చెయ్యి తనే కట్టుకోమనుండ్రి! కానీ నా ఇంట్ల, నా మొగని కాలు ఒళ్ళె పెట్టుకొని, బొటనవేలి గోరును పట్టకారుతోని పీకుతుంటే నేనేం చెయ్యాలె? దండం పెట్టాలెనా?

పక్కన దీపం ముట్టించి ఉన్నది. సూదికి గుచ్చిన నల్లజీడి గింజ దాని మీద చిటపటమంటున్నది. గోరు పీకినంక ఆ గింజకెళ్ళి కారే ఉడుకు నూనెను కింది పచ్చిపుండు మీద చుక్కలు చుక్కలు పోస్తడట. పులిపిరికాయకు పోసినట్టు! సగం గోరు అప్పటికే లేచింది. గచ్చంత రక్తం. మా ఆయన పండ్లల్ల తువ్వాల కరుచుకొని, పీకు పీకు అని చేత్తోని సైగ చేస్తున్నడు.

మొగడే పీకించుకుంటుంటే నీకేంది అంటరా? గదే చెప్తున్న, జర వినుండ్రి. జీపు బయట ఉన్నది, మా ఆయన అండ్లనే ఉన్నడు. మీ జవాన్లు తాళం గుంజుకున్నరు. పొద్దుమూకే లోపల పట్నం చేరాలె. రేపు పొద్దున ఆయనకు ఆపరేషన్.

అరవై తొమ్మిదిల మా ఆయన కాలేజీ పిల్లగాడు. జై తెలంగాణ అనుకుంట రోడ్డెక్కిండు. ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టుకున్నరు, మూడోడు బూటుతోని బొటనవేలిని నేలకేసి రుద్దిండు. సిగరెట్ ఆర్పినట్టు. గోరు నల్లగై ఊడిపోయింది. గది నిజం. మీరప్పుడు నిక్కరేసుకొని బడికి పోతుంటరు, మిమ్ముల అంటలేను.

రెండేండ్లకు మా పెండ్లి. మా నాయిన ఇత్తడి పళ్ళెంల ఈయన కాళ్ళు కడిగిండు, అమ్మ నీళ్ళు పోసింది. పెండ్లిపిల్ల తల వంచుకొని ఏం చూస్తది సార్? పెండ్లికొడుకు కాళ్ళు చూస్తది. బీఏ చదివినా అంతే. కొత్త గోరు సాపుగ, ఎర్రగ ఉండె. ఒక్క నల్ల చుక్క లేదు.

ఈ నలుపు వచ్చి మూడేండ్లు. ముందుగాల పెన్సిల్ గీత లెక్క, గోరు మొదట్ల నుంచి కొస దాక. ఇదేంది అంటే, పోలీసు బూటు అన్నడు. పదేండ్లు ఎక్కడ పండుకున్నదయ్యా ఆ బూటు, అన్న. నవ్విండు. అప్పటికింకా నవ్వేటోడు.

మీటింగుల్ల చెప్పు ఇడిసి, కుర్చీ మీద కాలు పెట్టి చూపిస్తడు. "అన్నా, ఇంకా మానలేదా!" అని పోరగాండ్లు కండ్లల్ల నీళ్ళు తీస్తరు. ఒకడైతే ఆ వేలు తాకి మొక్కిండు. దినమంత గజాల లెక్కన బట్ట చింపేటోనికి అంత ఇజ్జత్ ఇంకెక్కడ దొరుకుతది? చెప్పంగ చెప్పంగ ఆయనకే నిజమైంది. ఎన్నికల్ల టికెట్ ఇస్తరని కూడ ఆశ.

గీత పట్టీ అయ్యింది. గోరు పగిలింది. నలుపు గోరు దాటి ఎనుక తోలు మీదికి పాకింది. నీళ్ళ రక్తం కారుడు మొదలైంది. ఆ రక్తానికి చప్పట్లు కూడ కొట్టిండ్రు సార్!

కొట్లాడి వరంగల్ తీసుకపోయిన. ఎప్పటి నుంచి ఉన్నదని డాక్టర్ అడిగితే, "అరవై తొమ్మిది. పోలీసు దెబ్బ" అన్నడు. పాత దెబ్బే అయితే మలాం రాస్త అని డాక్టర్ కలం తీసిండు. నేను ఊకోలె. "అబద్ధం సార్. పెండ్లినాడు మా నాయిన కడిగిన కాలు ఇది. గోరు సాపుగుండె" అన్న.

మా ఆయన నా చెంప మీద కొట్టిండు. అందరి ముందట. బెంచీ మీద తండా ముసలవ్వ ఒకామె ఉండె. "దవాఖానల ఆడిదాన్ని కొడ్తవారా!" అని లేచి చెప్పు తీసింది.

డాక్టర్ కలం పక్కన పెట్టిండు. భూతద్దం తీసి మల్ల చూసిండు. దెబ్బకు వచ్చిన నలుపు గోరుతోపాటు ముందుకు జరిగి, ఏడాది ఏడాదిన్నరల పోతదట. పోకుండ వెడల్పయితే, తోలు మీదికి పాకితే, అది దెబ్బ గాదట. పట్నం పంపిండు. అక్కడ ముక్క తీసి పరీక్ష చేసి మెలనోమా అన్నరు. ఒంటికి రంగిచ్చే కణాలే తిరగబడి క్యాన్సర్ అయితయట. తెల్లోళ్ళకు ఎక్కువ ఎండకు వస్తదట. మనసొంటోళ్ళకు అరికాల్ల, అరచేతిల, గోరు కింద వస్తది, మనం ఆనెకాయ అనో ముల్లు దిగిందనో ఊకుంటం. ఎవరు చూసుకుంటరు సార్ అరికాలు? మీరు చూసుకుంటరా?

వేలు తీసెయ్యాలె, తొందరగ, అన్నడు పట్నం డాక్టర్. కాల్చొద్దు, గీకొద్దు, జీడి పెట్టొద్దని మరీ మరీ చెప్పిండు.

"వేలు లేకుంటె నేనెవన్ని? జనానికి ఏం చూపియ్యాలె? పోలీసు దెబ్బ గాదట, రోగమట అని నవ్వరా?" అని ఈయన.

"శవాన్ని పండవెడ్తం, రెండు బొటనవేళ్ళూ కనబడతయి" అన్న. మల్ల కొట్టిండు.

ఇగ ఇయ్యాల పొద్దుగాల, వేలు మిగులుతదని సాయిలును పిలిపించుకున్నడు. నేను వంటింట్ల ఉన్న. చపాతీ కర్ర చేతిలనే ఉన్నది.

సాయిలును కొట్టంగనే మా ఆయన నా జుట్టు పట్టి దర్వాజకేసి గుద్దిండు. నొసటి మీద గీ కట్టు గదే. నేనూ ఊకోలె, మోకాలి మీద ఒకటిచ్చిన. పట్నం పోనీకి జీపు తెచ్చిన మా అన్న రామ్మోహన్ ఉరికొచ్చి ఆయన మీద కూసున్నడు. బట్టల మూటలు కట్టే తాడు తెచ్చి నేనే కట్టిన. మా ఆయన మా అన్న చేతిని కండ ఊడేటట్టు కొరికిండు. అట్లనే జీపుల ఏసినం. సాయిలు బామ్మర్దులు మాకంటె ముందే మీ దగ్గరికి ఉరికొచ్చిండ్రు.

ఏంది? మొగన్ని తాడుతోని కట్టుడు నేరమా? రాసుకోండ్రి. పెండ్లాన్ని దర్వాజకేసి కొట్టుడు ఏ సెక్షనో గది కూడ చూడుండ్రి, కాయితం ఉంటే.

ఇంకొకటి చెప్త. ఇది మాత్రం రాయకుండ్రి. తలుపు జర దగ్గరికెయ్యుండ్రి, ఆయనకు వినబడతది.

తొడకు తాడు బిగిస్తుంటే గజ్జల గడ్డ చేతికి తగిలింది. రేగ్గాయంత. పోయిన వారం పట్నం డాక్టర్ అదే జాగల ఒత్తి చూసి, గడ్డ లేదమ్మా, ఇప్పుడే తీస్తే బతుకుతడు అన్నడు. ఇప్పుడున్నది. పుండు చీముకు వచ్చిందో, ఆ నలుపే పైకెక్కిందో నాకు తెల్వదు. ఆయనకు చెప్పలే. అన్నకు చెప్పలే. తాడు ఇంకింత బిగించిన, అంతే.

జీపు ఇడువుండ్రి సార్. ఆపరేషన్ అయినంక నేనే వచ్చి గీ బెంచీ మీద కూసుంట. సాయిలు కేసు ఒప్పుకుంట. బతికితే నీ మీద కేసు పెడ్త అని మా ఆయన జీపుల ఒకటే ఒర్లుతున్నడు.

పెట్టనీయుండ్రి. నాలుగు వేళ్ళ కాలుతోని కుంటుకుంట కోర్టు మెట్లెక్కి, నా దిక్కు చెయ్యి చూపిచ్చి, ఇదే నా వేలు కోయించింది అని చెప్పనీయుండ్రి. బోనుల నేను నిలబడత.