నడిమి బస్సు మనిషి

శ్రీ పోతుగుంట బాలసుబ్బయ్య గారు 1979 మార్చి 12వ తేదీన కువైట్ దేశపు అహ్మదిలోని మన సంస్థ రవాణా విభాగంలో డ్రైవరుగా చేరారు. ముప్పై ఏళ్ళ సేవ ముగించుకొని ఈ నెలాఖరున పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇలాంటి వీడ్కోలు సంచికల్లో అందరూ సౌమ్యులే అవుతారు. వారు సౌమ్యులు కారు, మొండివారు. ఆ మొండితనానికే ఈ అభినందన.

1986లో సంస్థ వారిని బస్సుల మరమ్మతు నేర్చుకు రమ్మని మూడు నెలలు జపాన్ పంపింది. మరమ్మతు ఎంత నేర్చారో గాని, ఒక రైల్వే స్టేషన్ కథ మాత్రం వెంట తెచ్చుకున్నారు. అక్కడ మూడు రైళ్ళు పక్కపక్కన ఆగుతాయట. నడిమి రైలుకు రెండు వైపులా తలుపులు తీస్తారట. ఈ పక్క రైలు దిగినవారు మెట్లెక్కే పని లేకుండా, నడిమి రైలు లోపలి నుంచే నడిచి ఆ పక్క రైలు ఎక్కుతారట. టీ తాగే ప్రతిసారీ ఇదే కథ.

"మళ్ళీ ఎక్కించేశాడండీ జపాను రైలు! దిగేవోళ్ళుంటే ఇక్కడే దిగిపోండి!" అనేవాడు తోటి డ్రైవరు ఏసురత్నం. షెడ్డంతా నవ్వేది. బాలసుబ్బయ్య గారు నవ్వేవారు కారు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. కార్లున్న పెద్దలు ముందే దారి చూసుకున్నారు. వారి ఫొటోలు ఈ సంచిక మొదటి పేజీల్లో ఉన్నాయి. మిగిలినవారిని మన డ్రైవర్లే జోర్డాన్ సరిహద్దుకు చేర్చారు. అక్కడ వేరే బస్సులకు మారాలి. నేలమీద కాలు పెడితే ఎడారిలో ఎదురుచూస్తున్న జనసముద్రంలో కలిసిపోవడమే. మొదటి విడతలో తల్లి ఒక బస్సులో, బిడ్డ ఒక బస్సులో పోయారు.

రెండో విడతకు బాలసుబ్బయ్య గారు తమ బస్సును నడుమ నిలిపారు. జనంతో వచ్చిన బస్సును ఒక పక్కన, జోర్డాన్ బస్సును ఎదురుమొహంగా మరో పక్కన ఆనించారు. తమ బస్సు తలుపూ, అవతలివైపు అత్యవసర ద్వారమూ తెరిచి, సందుల్లో సీటు పలకలు పరిచారు.

"మనుషులే దాటాల. పెట్టెలు దాటగూడదు, దోవ మూసకపోతాది," అన్నారు.

ఇళ్ళల్లో పనిచేసే చిన్నక్క, తాను 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు ఇచ్చిన సూట్‌కేసు వదల్లేదు. "మా మామా ఇచ్చిందిరా ఇది! నీ జపాను తగలబడ! పెట్టె లేకుండా ఏ మొగం పెట్టుకోని ఊరికి పోవాల్రా?"

"ఉండే మొగం పెట్టుకోని పో, అక్కా."

పెట్టె ఇసుకలో పడింది. చిన్నక్క తిడుతూనే దాటింది. ఒక్కరూ చెదరలేదు. చివరన దాటవలసింది కువైట్ సిటీలో ఆయాగా పనిచేసిన ఆయన భార్య కళావతి గారు. పలకమీద ఆగిపోయారు.

"నువ్వు రావా?"

"నడిమి బండి ఎనక్కి పోవాల. మనోళ్ళు ఇంకా ఉండారు అహ్మదిలో."

"మల్ల ఎప్పుడొస్తావు?"

"అందురూ దాటినాక."

అందరూ దాటాకే, అక్టోబరులో, ఇల్లు చేరారు. యుద్ధం ముగియగానే ఉద్యోగానికి తిరిగివచ్చారు. కళావతి గారు రాలేదు. ఆ తర్వాత ప్రతి సెలవులోనూ ఆమెది అదే ప్రశ్న, ఈయనది అదే జవాబు. కొత్త డ్రైవర్లు కుదురుకోవాలి, షెడ్డు మారాలి, మరో ఏడాది. ఈ విషయంలో వారిని మెచ్చుకోవడం కుదరదు. ఇంట్లో ఎదురుచూసే మనిషి ఉన్నవాడు ఆలస్యం చేయరాదు. ఆ మనిషి పోయాక ఎంత త్వరగా వెళ్ళినా ఒకటే.

మొన్న షెడ్డులో ఫోను మోగింది. కళావతి గారి గొంతు పక్కవారికీ వినబడింది.

"అందురూ దాటినారా?"

ఆయన బస్సులవైపు చూశారు. "దాటినారు. ఇంక నేనే," అన్నారు.

ఏసురత్నం టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

బాలసుబ్బయ్య గారూ, తలుపులు రెండు వైపులా తెరిచే ఉన్నాయి. పెట్టెలు వదిలేసి దాటండి. అవతల ఉన్న మనిషితో కలిసి, కాళ్ళలో సత్తువతో, కంటినిండా నిద్రతో నిండు నూరేళ్ళు జీవించండి. ఆలస్యం చేయకండి.