చెయ్యి తిరగని మాస్టారు

అధ్యక్షస్థానంలో ఉన్న మన క్లబ్బు ప్రెసిడెంటు, పళ్ల డాక్టరుగారికి, వారి పక్కన పూలగుత్తిని ఎవరో చేతిలో పెట్టి వెళ్లిన పసిబిడ్డలా పట్టుకుని ఎటు తిప్పాలో తెలియక కూర్చున్న మా మాస్టారికి, ముందువరస పెద్దలకి, వెనకవరసలో కూర్చుంటే మధ్యలో కాఫీకి జారుకోవచ్చని ముందే ఆలోచించుకున్న నా మిత్రులకి, "సాగదీశారంటే లేచి వెళ్లిపోతాను" అని ఇంట్లోనే చెప్పి మరీ వచ్చిన మా ఆవిడకి నమస్కారం.

నేను టైలర్ని. బడిలో చదివింది తక్కువ, బట్టలు చుట్టి వచ్చిన పాత పత్రికల మీద చదివింది ఎక్కువ. అందుకని నా మాటలు మధ్యలో తెగి ఇంకో పేజీకి పోతుంటాయి. ఆ పేజీ దొరక్కపోతే మన్నించాలి.

ముందుగా నా వెనక ఉన్న ఈ బ్యానరు సంగతి తేల్చాలి. "చెయ్యి తిరిగిన గురువుగారికి ఆత్మీయ వీడ్కోలు" అని మన సెక్రటరీగారు ఎంతో ప్రేమగా, ఇంతేసి అక్షరాలతో రాయించారు. వంటవాణ్ణి గానీ, బొమ్మలు వేసేవాణ్ణి గానీ, నాలాంటి టైలర్ని గానీ చెయ్యి తిరిగినవాడంటే ఆ పూటకి అన్నం అక్కర్లేదు. కానీ గోల్ఫులో పట్టింగు నేర్పే మనిషిని పట్టుకుని ఆ మాట అనడం, ఈత నేర్పే మాస్టారిని "నిండా మునిగినవారు" అని పొగడడం లాంటిదండీ. (నవ్వులు) సెక్రటరీగారూ, మీరు తల దించుకోకండి, ప్రూఫు చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

గోల్ఫు తెలియని బంధువులు చాలామంది వచ్చారు కనుక చెబుతాను. ఈ ఆటలో పెద్ద కర్రలతో బంతిని కనుచూపు మేర కొట్టేది ఒక భాగం. ఫోటోలన్నీ దానికే తీస్తారు. చివర్లో, దగ్గరగా కత్తిరించిన పచ్చిక మీద, బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసేది రెండో భాగం. అదే పట్టింగు, ఆ కర్ర పేరు పట్టరు. అక్కడ ఫోటోలు ఉండవు, పరువు మాత్రం అక్కడే పోతుంది. భుజాలు లోలకంలా ఊగాలి, చేతులు వాటి వెంట పోవాలి, మణికట్టు వెంట్రుకవాసి తిరిగినా బంతి పక్కింటి చుట్టంలా గుమ్మం దాకా వచ్చి తప్పుకుని పోతుంది. అందుకే మా మాస్టారు ఈ క్లబ్బులో అడుగుపెట్టిన నాటినుంచి మా అందరి చెవుల్లో ఒకటే పోరు: "చెయ్యి తిప్పకయ్యా!"

నేను ఆయన దగ్గర చేరింది దుకాణం మా అల్లుడికి అప్పగించాక. అప్పటికే నా దగ్గర పట్టర్లు కుప్పగా ఉన్నాయి. బంతి గుంటలో పడకపోతే తప్పు కర్రదేనని నాకు గట్టి నమ్మకం. తప్పినప్పుడల్లా కొత్తది కొనేవాణ్ణి.

"మళ్లీ ఇంకో కర్రా?" అనేది మా ఆవిడ.

"కర్ర కాదే, పట్టరు. దీని తల మందంగా ఉంటుంది, గురి తప్పదట."

"మందమైన తల ఇంట్లో ఒకటి ఉండనే ఉందిగా, మళ్లీ కొనడం దేనికి?"

(నవ్వులు) అదిగో, ఇప్పుడు కూడా ఎలా నవ్వుతోందో చూడండి.

ఆ కుప్పంతా మోసుకెళ్లి మాస్టారి ముందు పరిచాను, మెచ్చుకుంటారని. ఆయన ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

"ఇవన్నీ ఎవరి కోసం కొన్నావయ్యా టైలరూ?"

"నాకేనండీ."

"నిన్ను కొలిచే కొన్నావా?"

చూశారూ! జన్మలో టేపు పెట్టకుండా జేబురుమాలు కూడా కత్తిరించనివాణ్ణి. ఆయన నన్ను వాటిలో ఒకటి పట్టుకుని ఆడేటప్పటిలా వంగి నిలబడమన్నారు, చేతులు బరువుగా వదిలెయ్యమన్నారు, నా కనుబొమల మధ్యనుంచి ఒక బంతిని జారవిడిచారు. అది కిందున్న బంతి మీద పడాలిట, అంటే కన్ను సరిగ్గా బంతి పైన ఉండాలన్నమాట. నాది బంతికి ఇవతలే, నా బూటు మీద పడింది. "నీ కర్ర పొడుగయ్యా, అందుకే దూరంగా నిలబడుతున్నావు" అని కర్ర పైన కొంత కోయించారు. తర్వాత దాని అడుగు నేలకి ఆనిందా లేదా చూశారు. ముక్కు పైకి లేచి ఉంది, వదులు చెప్పులాగ. దాన్నీ వంచి సరిచేయించారు. ఆఖరికి కర్రని వేలి మీద అడ్డంగా నిలబెట్టారు. బంతిని కొట్టే దాని మొహం ఆకాశంలోకి చూసింది. "నీ చేతులు వెనక్కీ ముందుకీ గీత గీసినట్టు పోతాయి, నీకిదే సరి. తలుపు తెరిచి మూసినట్టు ఊగేవాడికైతే ముక్కు కిందికి వాలేది ఇస్తాను" అన్నారు. అంటే ఏమిటి? కొన్నవాటిలో నాకు సరిపోయేది మొదటినుంచీ ఉంది, నాకు సరిపడా కుట్టించుకోలేదంతే.

ఆ తర్వాత చాలాకాలం ఆయన నన్ను గుంట దగ్గరికే పోనివ్వలేదు. పచ్చిక అంచుకి బంతి వెళ్లి ఆగాలి, దాటకూడదు, ముందే చతికిలబడకూడదు. ఎంత గట్టిగా అన్నది చేతికి వచ్చాకే ఎటు అన్నది. అప్పుడు గుంట చూపించి, "తలెత్తకు. పడితే చెవికి చెబుతుంది" అన్నారు. ఆ మాట విని మా ఆవిడ, "మాస్టారూ, చెవితో వినే ఆ విద్యేదో ఇంట్లో కూడా పనిచేసేలా నేర్పండి" అంది. డాక్టరుగారూ, మీరు నవ్వకండి, మీ ఆవిడగారు అదే మాట మా ఆవిడతో అన్నారు.

(విరామం)

ఇందాక బ్యానరు గురించి నేను మాట్లాడుతుంటే అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మీలో కొందరు గమనించే ఉంటారు. దాని వెనక ఉన్న సంగతి సభలో చెప్పవచ్చునా అని పొద్దునే ఆయన్ని అడిగి ఉంచాను. "చెప్పవయ్యా. చెప్పకపోతే నాకు పొగరనుకుని పోతారు" అన్నారు.

ఏడాదిగా ఆయన ఎవరి ముందూ పట్టింగు చెయ్యలేదు. నేర్పుతారు, నిలబెడతారు, తప్పు పట్టుకుంటారు, కానీ కర్ర మాత్రం తీసుకోరు. వయసు మీద పడిందనుకున్నాం. ఈ సభ కోసం కోటు సరిచేయించడానికి ఆయన ఇల్లాలు, నాకు చెల్లెలి వరస, దుకాణానికి వచ్చారు. మాస్టారి కోటు కనుక అల్లుణ్ణి జరిపి నేనే భుజం దగ్గర సూదులు గుచ్చుతుంటే ఆవిడే అన్నారు: "అన్నయ్యగారూ, ఆ కర్ర ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. క్లబ్బు బీరువా తాళంచెవి కూడా తిరిగి ఇచ్చేశారు. ఇంక ఆటకే రారట. చెయ్యి ఉలిక్కిపడుతోందండీ, బంతి ముందు నిలబడగానే."

చెయ్యి తిరగడం మొదలుపెట్టింది, ఆయనకే. జీవితమంతా వద్దని చెప్పిన పని, ఆయన చెయ్యే ఆయన మాట వినకుండా చేస్తోంది. ఉద్యోగం మానడం ఒక ఎత్తు, దానికి వీడ్కోలు చెబుదాం. ఆట మానడానికి వీడ్కోలు చెప్పడానికి నేను రాలేదు.

ఆ కోటు పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. తొడిగి చూడమన్నాను. కుడిచేత్తో గుండీ పెట్టుకోబోతే వేళ్లు నిలకడగానే ఉన్నాయి. టీకప్పు తీసుకున్నారు, చుక్క ఒలకలేదు. "మరి ఉలికిపాటు ఎక్కడండీ?" అన్నాను. "కర్ర పట్టుకోవాలి, కింద బంతి ఉండాలి. అప్పుడొస్తారు దొరగారు" అన్నారు. అయితే కర్ర తీసుకోండి అన్నాను. కసురుకున్నారు. చెల్లెమ్మ తెచ్చి ఇచ్చారు. వరండాలో బంతి పెట్టాం. నిజమే, కొట్టే క్షణంలో కింద ఉన్న కుడిచెయ్యి తేలు కుట్టినట్టు ఎగిరింది. బంతి పూలకుండీ వెనక్కి పోయింది. ఆయన మొహం చూడలేక నేను కుండీ చూస్తూ నిలబడ్డాను.

అక్కడ నాకు తెలిసింది బట్టలే కదా. మనిషికి ఒక భుజం దిగితే మనిషిని సరిచెయ్యం, కోటు సరిచేస్తాం. "మాస్టారూ, మిమ్మల్ని కొలిచి చాలాకాలమైంది. ఇప్పుడున్న మిమ్మల్ని కొలుద్దాం" అన్నాను. ఎడమచెయ్యి కిందికి, కుడిచెయ్యి పైకి మార్చమన్నాను. "ఈ వయసులో చేతులు మార్చి పట్టుకోమంటావా, ఎవరైనా చూస్తే నవ్వుతారు" అన్నారు. "నేను మొదటిసారి కర్ర పట్టినప్పుడు మీరు నవ్వలేదా?" "నవ్వానులే" అన్నారు. పిడి మరీ సన్నగా ఉంటే వేళ్లు బిగుసుకుంటాయి కనుక, కోటు కాలరు లోపల పెట్టే గట్టిగుడ్డ చుట్టి పైన తోలు తొడిగి, ముంజేతిలా లావుగా కుట్టాను. దానికి నేను చేసిన కుట్టు బాగుందో లేదో ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

రోజూ వరండాలో కొట్టారు. చెయ్యి ఊరుకుంది. అయినా ఆయన ఒకటే మాట: "ఇక్కడ నువ్వూ మీ చెల్లెలూ తప్ప ఎవరున్నారయ్యా? నలుగురిలో అది ఊరుకోదు." పొద్దున మళ్లీ అడిగాను, సభలో ఒక్క బంతి కొడతారా అని. "కుర్చీలో కూర్చున్నాక చెబుతాను" అన్నారు.

కూర్చున్నారు. ఏమంటారు మాస్టారూ?

(విరామం)

... లేస్తున్నారు. చెల్లెమ్మా, ఆ పూలగుత్తి అందుకోండి. డాక్టరుగారూ, తమరి కాళ్లు కొంచెం అటు జరపాలి, తివాచీ సాఫుగా ఉండాలి. ఆ మంచినీళ్ల గ్లాసు ఖాళీ చేసి ఇలా పడుకోబెట్టండి, అదే గుంట. కర్ర ఈ బల్ల వెనకే ఉంది. ఇదిగో. వద్దు, ఫోన్లు లోపల పెట్టెయ్యండి, దయచేసి. ఈ ఒక్కసారికి.

(మాస్టారు కొడతారు. బంతి గ్లాసు అంచుని రాసుకుంటూ పక్కనుంచి పోతుంది.)

తప్పింది. మీరంతా "అయ్యో" అన్నారు, విన్నాను. మీరు బంతిని చూశారు. నేను చెయ్యి చూశాను. అది ఇస్త్రీ చేసిన మడతలా వెళ్లిందండీ, అలాగే ఆగింది!

ఏమిటి మాస్టారూ? మైకులో అందరికీ వినిపించాలి, గట్టిగా చెప్పండి... "తివాచీ ఎడమకి వాలింది, తప్పు నాది కాదు, ఇంకో బంతి ఇవ్వు" అంటున్నారు. (చప్పట్లు)

సభకు వచ్చిన మీ అందరికీ, ఏర్పాట్లు చేసిన సెక్రటరీగారికి, కాళ్లు జరిపిన అధ్యక్షులవారికి, ఇప్పటిదాకా లేవకుండా కూర్చున్న మా ఆవిడకి కృతజ్ఞతలు. మా ఆదివారం జట్టులో నాలుగోవాడు దొరక్క ముగ్గురమే ఆడుతున్నాం. ఆ చోటు గురించి ఇంకా చెప్పాలనే ఉంది గానీ, మాస్టారు బంతి పెట్టేశారు, నన్ను కసురుతున్నారు, "బంతి పోయే గీత మీద నిలబడ్డావు, జరగవయ్యా" అని.

జరుగుతున్నాను. సెలవు.