మూతపడిన ప్రశ్న

"తడి తువ్వాలు మళ్ళీ కుర్చీ మీదేనా? ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"తువ్వాలుకి ఇంత రాద్ధాంతమా?"

తువ్వాలు తీయబోతుంటే ఆమె చూపు భర్త కంప్యూటర్ మీద పడింది. చూపులేని పిల్లలకి పాఠాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అతను తయారుచేసి, అందరికీ ఉచితంగా వదిలాడు. తెర మీద ఉన్నది, దాన్ని వాడేవాళ్ళు ప్రశ్నలు అడిగే పేజీ.

"ఈ టీచరు మూడుసార్లు అడిగింది. పరీక్షలు దగ్గరపడ్డాయట, పాఠం చదువుతూ చదువుతూ సాఫ్ట్‌వేర్ గొంతు మధ్యలో ఆగిపోతోందట. మూడుసార్లూ 'ధన్యవాదాలు, మీ ప్రశ్న మూసేశాం' అని ఉంది. మీరే రాశారా?"

"నేనెందుకు రాస్తాను? ముప్పై రోజులు ఎవరూ పలక్కపోతే ప్రోగ్రామే మూసేస్తుంది. చూడు, ఒక్క ప్రశ్నయినా మిగిలిందా?"

"పలకాల్సింది మీరేగా! ఛీ, అంట్లగిన్నెలు మంచం కిందికి తోసి వంటిల్లు అద్దంలా ఉందన్నట్టుంది."

"ఊరికే ఇచ్చినదానికి చాకిరీ కూడానా?"

"చేయలేనంటే ఆవిడ వేరే దారి చూసుకునేది. చివరికి లోపం తనే సరిదిద్ది పంపింది. అదీ మూసేశారు."

"అది... నేను చూడలేదు."

"చూడలేదని తెలుస్తూనే ఉంది."

భోజనాల దగ్గర, అత్తగారూ పిల్లలూ వింటుండగానే ఆమె చెప్పేసింది.

"రేపటి నుంచి ఆ ప్రశ్నలకి జవాబులు నేను రాస్తాను. ఆ మూసే ప్రోగ్రాం మీరు పీకేయండి. టీచరు పంపిన మార్పు ఈరోజే చూడండి."

"కోడ్ గురించి నీకేం తెలుసని?"

"తెలియనిది తెలియదనే రాస్తాను. మొదటి జవాబు ఆ టీచరుకే, తప్పు మాదేనని."