పైగదిలో ఏడుపు

తోటికోడళ్లిద్దరూ మేడ మీద ఆరిన దుప్పట్లు మడతపెడుతున్నారు. చెరో కొసా పట్టుకుని దగ్గరికి వస్తున్నారు, మళ్లీ దూరం జరుగుతున్నారు.

"రేపు ఆ దయ్యాలు వదిలించే ఆయన వస్తున్నాడు. పైగది తలుపుకి మేకులు కొట్టేస్తాడట."

"వద్దని చెప్పక్కా."

"నేను చెబితే వింటారా? రాత్రిళ్లు ఆ ఏడుపు వినలేక మామగారికి కంటి మీద కునుకు లేదు."

"అక్కా... అది దయ్యం కాదు."

"కొస సరిగ్గా పట్టుకో."

"నేనే. తలెత్తుకోలేకపోతున్నాను. ఆ గదిలో ఎప్పటినుంచో ఓ దయ్యం ఉందని అత్తగారు చెప్పారు. ఎవరైనా విన్నా దాని మీదికే పోతుందిలే అనుకున్నాను. ఈ ఇంట్లో తలుపేసుకోవడానికి ఉన్నది ఆ గదొక్కటే. అదీ మూసేస్తే నేనెక్కడికి పోను?"

"నువ్వని తెలుసు. ఏడుపు విన్న మొదటిసారే తెలిసింది."

"తెలిసీ పిల్లలకి దయ్యమని చెప్పావా?"

"మనిషని చెబితే అందరూ తలుపు తోసుకుని వస్తారు. దయ్యమంటే ఎవరూ రారు."

"నువ్వైనా రావాల్సింది కదక్కా."

"వచ్చాను. గడప దాకా వచ్చి, నోట్లో కొంగు కుక్కుకుని వెనక్కి పోయాను."

"భయపడ్డావా?"

"సిగ్గుపడ్డాను. ఎందుకేడుస్తున్నావని నిన్నడిగితే, నా సంగతీ చెప్పాల్సొస్తుందని."

"నీ సంగతేంటి?"

"పిచ్చిదానా, నువ్వు కాపురానికి రాకముందు ఆ గదిలో ఉన్న దయ్యం ఎవరనుకున్నావు?"