పిల్లి తిట్లు

లాలాగూడ బడి కంప్యూటర్ గదిలో ఇద్దరు టీచర్లు కూర్చున్నారు. పిల్లలు రంగు దిమ్మెలు జోడించి ప్రోగ్రాం చేసే సాఫ్ట్‌వేర్‌కు సలహాలు పంపమని కంపెనీవాళ్లు అడిగారు.

"రాస్తున్న మేడమ్. దిమ్మెలు జెర పెద్దగ ఉండాలె. తెరమీది పిల్లి చెప్పినట్టు ఆగాలె."

"అది మన హెడ్‌మాస్టర్‌లాంటిది. చెప్పిన పని తప్ప అన్నీ చేస్తుంది."

"ఇంకోటి. దిమ్మె తప్పు పెడితే 'ఓరి దున్నపోతా, మళ్లీ చూడు' అని తిడ్తది. కొత్త వెర్షన్‌ల పాత గొంతులు తీసేసి గంట మోత పెడ్తరంట. మంచి పని అని రాస్త."

"అది రాయకు."

"పిల్లల్ని దున్నపోతులనుడేంది మేడమ్?"

"ఆ గొంతు మా ఆయనది. పోకముందు ఇక్కడే కూర్చుని రికార్డు చేశారు. ఇంకెక్కడా లేదు."

"జెరెమియా సార్‌దా! సారీ మేడమ్, కొత్తగ వచ్చిన గదా, తెల్వదు."

"సారీ ఎందుకు? ఇంట్లో నన్నూ అలాగే తిట్టేవారు."

"మరి ఏం రాయాలె?"

"మేం చేర్చుకున్న గొంతులు తీసేయొద్దని రాయి. మిగతావన్నీ కొట్టెయ్."

"కొట్టేసిన. పంపిన. అరె, ఆ దిమ్మె అక్కడ పెడ్తున్నరేంది? తప్పు గదా?"

"తెలుసు. నువ్వు నొక్కు."

"ఓరి దున్నపోతా, మళ్లీ చూడు," అంది పిల్లి.