చెయ్యి తగలకుండా

గిన్నెల మూట నెత్తిన పెట్టుకుని, తాళంచెవుల గుత్తి పళ్ళ మధ్య బిగించి ఆమె మెట్లు దిగింది. వీధికి అటుపక్క టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని మొగుడు. "బీరువాకి ఓ చెయ్యి వేద్దురు" అని పొద్దున్నే అడిగింది. "నువ్వు పద, వస్తున్నా" అన్నాడు. మధ్యాహ్నంలోగా అద్దిల్లు ఖాళీ చెయ్యాలి, లేకపోతే ఇంటాయన తాళం వేసేస్తాడు. వ్యాను డ్రైవరు బండి నడుపుతాడే గాని సామాను ముట్టుకోడు. బేరమప్పుడే చెప్పేశాడు.

"టెలికినిసిస్ అంటారు దాన్ని," అంటున్నాడు మొగుడు. "దూరాన్నుంచే, చెయ్యి తగలకుండా, ఉత్త మనసుతో వస్తువుని కదపడం. అందరికీ రాదులే. చిన్నప్పుడోసారి చెంచా వంక ఊరికే చూశాను, సర్రున జరిగి నా పళ్ళెం పక్కకొచ్చి పడుకుంది."

"బల్ల ఏటవాలేమో బాబాయ్," అన్నాడు టీ కొట్టతను.

"నీ బుర్ర ఏటవాలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బురదలో దిగబడ్డ లారీ, లోడు మీదుంది, పదిమంది తోస్తున్నారు, నేను గట్టు మీద నిలబడి కనుబొమ్మ ఎత్తానంతే..."

కుట్టుమిషను తలని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని ఆమె మళ్ళీ దిగింది. నడుం కలుక్కుమంది. బెంచీ మీద అందరూ చూశారు, మొగుడు తప్ప. అతను అప్పటికి రైలు దాకా వెళ్ళిపోయాడు.

"...ఎదురెదురుగా రెండు రైళ్ళు! ఒకదాన్ని ఎడంకంటితో ఆపాను, రెండోదాన్ని ఎత్తి పక్క పట్టాల మీద పెట్టాను. లోపల టీ తాగుతున్నవాడి చొక్కా మీద చుక్క పడితే ఒట్టు!"

"మరి చందమామ?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న మంగలి, నవ్వు ఆపుకుంటూ.

"జరిపాను. సముద్రం గోల పెడితే మళ్ళీ పెట్టేశాను. అదంతా ఎందుకు, ఇంట్లో రోజూ వాడేదేగా! మంచినీళ్ళు అనుకుంటే గ్లాసు చేతిలోకి వస్తుంది. చొక్కా అనుకుంటే ఇస్త్రీ అయి తలుపుకి వేలాడుతుంది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి!"

ఆవిడ వీధి దాటి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని బెంచీ ముందు నిలబడింది.

"నిజమే. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఈయన చెయ్యి తగిలి ఒక్క వస్తువూ కదల్లేదు. అయినా అన్నీ కదిలాయి. ఆ గ్లాసుకి కాళ్ళున్నాయి నాయనా, అవి నావి. ఆ చొక్కాకి చేతులున్నాయి, అవీ నావే."

అని మొగుడి వైపు తిరిగింది.

"నా సామానంతా దించుకున్నాను. నీ బీరువా, నీ మంచం, నీ వాలుకుర్చీ పైనున్నాయి. ఇక్కణ్ణుంచే దించుకో. టీ చల్లారిపోకుండా చూసుకో."

తాళాల గుత్తి అతని ఒళ్ళో పడేసి, వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చుంది.

"పోనీ బాబూ."

"ఏయ్! ఆగు! ఏమేవ్!" మొగుడు లేచాడు. వ్యాను పొగ వదిలి కదిలింది.

టీ కొట్టతను ఖాళీ గ్లాసులు ఏరుతూ అన్నాడు:

"అరుస్తావేం బాబాయ్, ఎడంకన్ను వాడు."