తబితమ్మ దేవుడికిచ్చేసిన గొంతు

తబితమ్మని అడగాలి గొంతంటే ఏంటో. గోదారి మధ్య మా లంకలో నిలబడి కేకేసిందంటే అవతలి గట్టున గడ్డి మేసే గేదె తలెత్తి చూసేదంట. అబద్ధమనుకుంటే మీ ఇష్టం. అలాంటిది ఓ క్రిస్మస్‌కి గుడిలో పాటెత్తుకుంది. ఏమైందంటే, క్వయరు పిల్లల పాట ఎటు పోయిందో తెలీదు, ఒళ్ళో చంటిపిల్లలు లేచి ఏడుపు, గుడంతా నవ్వులు. పాస్టరమ్మ గారు "కాస్త తగ్గించమ్మా తబితా" అన్నారంట. ఆవిడ మెల్లిగానే అంది, ఈవిడకి గట్టిగా తగిలింది. కొత్త సంవత్సరం ఆరాధనలో అందరూ కానుకలు పెడతారు కదా, ఒకళ్ళు కోడి, ఒకళ్ళు గుమ్మడికాయ. ఈవిడ లేచి, "నా గొంతు దేవుడికిచ్చేశానండి, ఇంక నేను ముట్టుకోను" అని కూచుందంట. దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోకూడదు కదా. ఆ రోజు నుంచి గుసగుసే. పాలు పొంగిపోతున్నా గుసగుసే. ఊరు హాయిగా ఉందనుకోండి, మొగుడు మోజేసు మాత్రం "ఇంట్లో ఉన్నావో లేవో తెలీట్లేదే" అని దిగులు పడిపోయేవాడంట.

అలా ఏడాది తిరిగింది. క్రిస్మస్ పొద్దున్నే మోజేసు అవతల రేవులో జనాన్ని గుడికి తేవడానికి పడవేసుకెళ్ళాడు. పన్నెండు మందిని ఎక్కించుకుని వస్తుంటే నడి గోదార్లో మంచు కమ్మేసింది. చేతిలో తెడ్డు కనపడదనుకోండి. పోటు తగ్గి పాటు తీస్తోంది, నీళ్ళు పడవని సముద్రం వైపు లాగేస్తున్నాయి. గుడి గంట కొడదామంటే దాని నాలిక వానాకాలంలోనే ఊడిపోయింది. బాగుచేయిద్దాం, బాగుచేయిద్దాం అంటానే ఉన్నారు, మన సంగతి తెలుసుగా. గట్టు మీద పదిమందీ అరిచారు. పాస్టరు గారూ అరిచారు, ఆయన కేక రేవు కూడా దాటలేదంట. తబితమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"అరవ్వే!" అంది అత్త దీనమ్మ. "ఎలాగత్తా, దేవుడికిచ్చేశాను కదా" అని గుసగుసగా ఏడుస్తదీవిడ. ముసల్దానికి ఒళ్ళు మండింది. "ఓసి పిచ్చి మొహమా, ఆ రోజే నేను దేవుడికి కోడిపెట్టని ఇచ్చాను కదే! పాస్టరమ్మ గారి దొడ్లో అది గుడ్లు పెట్టడం మానేసిందా? దేవుడి దాన్నైపోయానని మూతి ముడుచుక్కూచుందా?" పక్కనే పాస్టరమ్మ గారు కళ్ళు తుడుచుకుంటా, "పొదిగి పదకొండు పిల్లల్ని కూడా లేపిందమ్మా" అన్నారంట.

అంతే, కొంగు తీసేసింది. "మోజేసూ! ఇటూ! నా గొంతు కేసి తెడ్డెయ్యి!" మొగుణ్ణి పేరెట్టి పిలిచిందండీ, లంకంతా విన్నారు. ఏడాది గొంతు లోపల నిలవుందేమో, పడవలో ఉన్న పన్నెండు మందినీ పేరు పేరునా పిలిచింది, ఆగితే పాట, పాటయితే తిట్లు. కాసేపటికి మంచులోంచి పడవ ముక్కు కనపడింది. మోజేసు ఏడుస్తా నవ్వుతా, "తిట్టవే, ఇంకా తిట్టు" అంటా ఒడ్డుకొచ్చాడంట. ఆ రోజు గుడిలో తబితమ్మ పాడుతుంటే పిల్లలు మళ్ళీ లేచి ఏడ్చారు. ఏడిస్తే ఏడవనీ, పాస్టరమ్మ గారే దగ్గరుండి, "ఇంకో చరణం అందుకో తబితా" అన్నారు.

గుడి గంటని ఆ తర్వాత బాగుచేయించార్లెండి. అయినా ఆదివారం పొద్దున్న తబితమ్మే పిలవాలి. గంటకి మన పేర్లు తెలీవు కదా. నా బాధా అదే, ఇంకాసేపు ముసుగేసుకుని పడుకుందామంటే ముందు నా పేరే పిలుస్తది.